మందు వేసిన గేదె పాలు – మిఠాయిలో మిగిలెడి మందు

నరసన్నపేట చుట్టుపట్ల గ్రామములలో పాడి గల రైతు సోదరులారా! మీరు ఉదయము పితికిన పాలు పట్టణము చేరిన పిమ్మట ఏమగునో ఎప్పుడైన ఆలోచించితిరా? కొన్ని కాఫీలోనికి, కొన్ని పెరుగులోనికి పోవును. కొన్ని మిఠాయి దుకాణపు బాణలిలో మరిగి కోవాగా మారును. పండుగలకు, పెండ్లి ముహూర్తములకు ఆ కోవాయే పసిపిల్లల నోటికి చేరును. కనుక మీ పశువునకు వేసిన మందు ఆ కోవాలో మిగలకుండ చూచుట మీ చేతిలోని పని.

పాలలోనికి మందు ఎట్లు వచ్చును?

పొదుగువాపు వచ్చిన గేదెకు చన్నులోనికి ఎక్కించు మందు గాని, కండకు ఇచ్చు సూదిమందు గాని కొన్ని దినములవరకు పాలలో దిగుచుండును. ఒక్క చన్నుకే మందు వేసినను అది రక్తములో కలిసి మిగిలిన మూడింటి పాలలోనికి కూడ రావచ్చును. కనుక నాలుగు చన్నుల పాలను విడిచిపెట్టవలెను.

ఎంత కొద్ది మందు చాలునో లెక్క చూడుడు. లక్ష యూనిట్ల పెనిసిలిన్ అనగా 60 మిల్లీగ్రాములు. అందులో వెయ్యింట ఒక వంతు, అనగా 60 మైక్రోగ్రాములు, పాలలో దిగినదనుకొనుడు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణము ప్రకారము కిలో పాలలో పెనిసిలిన్ 4 మైక్రోగ్రాములకు మించరాదు. అనగా ఆ కొద్ది మందే 15 కిలోల పాలను హద్దు వరకు తెచ్చును.

కాచినంత మాత్రమున పోదు

"మరిగించిన పాలకు దోషమేమి?" అని కొందరందురు. వేడికి సూక్ష్మజీవులు చచ్చును గాని మందులు పూర్తిగా నశింపవు. పైగా కిలో కోవాకు సుమారు 4 నుండి 5 లీటర్ల గేదె పాలు పట్టును. నీరు ఆవిరియై పోవును. మందు వెనుకనే నిలుచును. లీటరుకు 4 మైక్రోగ్రాములున్న 5 లీటర్ల పాలలో మొత్తము 20 మైక్రోగ్రాములుండును. వేడికి కొంత నశించినను, మిగిలినదంతయు ఆ కిలో కోవాలోనే చేరును. పెనిసిలిన్ పడని వారికి ఇట్టి పదార్థము వలన దద్దుర్లు, ఒక్కొక్కప్పుడు ఊపిరాడకపోవుట కలుగవచ్చును. అదియు గాక, ఇట్లు కొద్దికొద్దిగా మందు తగులుచుండిన సూక్ష్మజీవులు దానికి అలవాటుపడును. రేపు మనిషికి జబ్బు చేసినప్పుడు అదే మందు పనిచేయకపోవచ్చును.

ప్రయోగశాలలో ఏమి చేయుదురు?

పాలకు సులభమైన పరీక్ష కలదు. హాని చేయని ఒక జాతి సూక్ష్మజీవుల బీజములు, రంగు కల చిన్న గొట్టములో కొద్ది పాలు వేసి సుమారు 64 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో మూడు గంటలు ఉంచుదురు. మందు లేనియెడల జీవులు పెరిగి ఊదా రంగు పసుపగును. మందు ఉన్నచో అవి పెరగవు, రంగు మారదు.

కాని కోవాలో కొవ్వు, మాంసకృత్తులు చిక్కగా నుండును. మిఠాయిలో చక్కెర కూడ కలియును. అందుచేత ముందుగా మందును వేరుచేసి, శుద్ధి చేసి, ద్రవ్యరాశి యంత్రముతో కొలువవలెను. ఇది ఖర్చుతో కూడిన పని. పాలను బాణలిలో పోయకముందే పరీక్షించుట తేలిక, చౌక.

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశములోని 1,103 పట్టణములలో 6,432 పాల నమూనాలు పరీక్షింపగా, 77 నమూనాలలో యాంటీబయాటిక్ మందులు హద్దు మించియున్నట్లు తేలినది. సంఖ్య చిన్నదే, కాని ఆ పాలు త్రాగిన ఇండ్లకు అది చిన్న మాట కాదు.

2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము కొనుగోలుదారు కూడ, అమ్మువానికి ముందుగా తెలిపి, రుసుము చెల్లించి పదార్థమును పరీక్ష చేయించుకొనవచ్చును.

మీరు చేయవలసినవి

1. పశువైద్యుని సలహా లేక మందు వాడకుడు. మొదలుపెట్టిన మందును నడుమ మానకుడు.

2. పాలు ఎన్ని దినములు విడువవలెనో మందు పెట్టెపై చూడుడు, వైద్యుని అడుగుడు. మందు మందుకు గడువు మారును. ఆఖరి మోతాదు వేసిన గంట నుండి లెక్కించవలెను.

3. మందు పేరు, తేదీ, గంట ఒక పుస్తకములో వ్రాయుడు. ఆ పశువు మెడకు ఎఱ్ఱగుడ్డ కట్టుడు. ఇంటిలో ఎవరు పాలు పితికినను గుర్తుండును.

4. దానిని ఆఖరున, వేరు పాత్రలో పితుకుడు. ఆ పాలు దూడకు పోయక గోతిలో పారబోయుడు.

5. వట్టిపోయినప్పుడు పొదుగులో మందు వేసిన పశువు గడువుకు ముందే ఈనినచో, దాని జున్నుపాలు వైద్యుని అడుగకుండ ఎవరికిని ఈయకుడు.

6. తోడు వేసిన పాలు పేరుకొననిచో అనుమానింపుడు. పేరుకొన్నంత మాత్రమున మందు లేదని తలపకుడు.

అన్నిటికన్న మేలు పొదుగువాపు రాకుండ చూచుకొనుట. పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా పితుకుడు. పితికిన వెంటనే మేత వేసినచో పశువు అరగంట నిలబడును. ఈలోగా చన్ను రంధ్రము మూసుకొనును.

రోజుకు 5 లీటర్లిచ్చు గేదె పాలు నాలుగు దినములు విడిచిన 20 లీటర్లు నష్టమే. ఇది పేద రైతుకు భారమని మేమెరుగుదుము. కాని మందు కలిసిన ఒక్క చెంబెడు పాలు పదిమంది పాలు కలిసిన క్యానును చెడగొట్టును. ఇరుగుపొరుగు రైతుల కష్టమును, మిఠాయి తిను పిల్లల ఆరోగ్యమును తలచి ఆ నాలుగు దినములు ఓర్చుకొనుడు.