వికీపీడియాలో వివాద పరిష్కారం

వికీపీడియాలో వివాద పరిష్కారం అనగా ఆ విజ్ఞాన సర్వస్వంలో రచనలు చేసే స్వచ్ఛంద సభ్యుల మధ్య తలెత్తే విభేదాలను చర్చ, మధ్యవర్తిత్వం, విచారణల ద్వారా చక్కదిద్దే పద్ధతి. 2001 జనవరి 15న ఆంగ్లంలో ప్రారంభమైన వికీపీడియాలో సభ్యులకు జీతభత్యాలు లేవు, ఆజ్ఞాపించే పై అధికారీ లేడు. కనుక ఒక సభ్యుడు తన ప్రవర్తనకు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న తొలినాళ్ళ నుండి ఉన్నది. ఈ వ్యాసంలో ప్రధానంగా ఆంగ్ల వికీపీడియా అనుభవం వివరించబడినది.

వివాదాలలో రకాలు

వ్యాసంలో ఏమి ఉండాలన్నది విషయ వివాదం. సభ్యులు పరస్పరం ఎలా మెలగుతున్నారన్నది ప్రవర్తనా వివాదం. మొదటిది ముదిరి రెండవదిగా మారడం సర్వసాధారణం.

ఉదాహరణకు, పోలండులోని గ్దాన్స్క్ నగరాన్ని ఆ పేరుతో వ్రాయాలా, జర్మన్ పేరైన డాన్‌జిగ్ అని వ్రాయాలా అన్న విషయమై సభ్యులు ఒకరి మార్పులను మరొకరు పదేపదే రద్దు చేసుకున్నారు. 2005లో వోటింగు జరిపి, 1308 నుండి 1945 వరకు గల కాలానికి డాన్‌జిగ్ అని, మిగిలిన కాలాలకు గ్దాన్స్క్ అని వ్రాయాలని నిర్ణయించారు.

ఇటువంటి పోరును దిద్దుబాటు యుద్ధం అంటారు. దీనిని అరికట్టే నిబంధనలలో ముఖ్యమైనది మూడు తిరుగుసేతల నియమం. ఒకే పేజీలో 24 గంటలలోపు మూడు కంటే ఎక్కువసార్లు ఇతరుల మార్పులను రద్దు చేసిన సభ్యుని నిర్వాహకులు నిరోధించవచ్చు. తన వాదనే సరైనదని చెప్పుకోవడం ఇక్కడ చెల్లదు. దుశ్చర్యలను తొలగించడం వంటి కొన్ని సందర్భాలకు మాత్రం మినహాయింపు కలదు.

పరిష్కార సోపానాలు

వివాదం మొదట వ్యాసపు చర్చా పేజీలోనే పరిష్కారం కావాలి. ఎదుటివారు మంచి ఉద్దేశంతోనే వ్రాశారని భావించడం, వ్యక్తిని గూర్చి గాక వ్రాతను గూర్చి మాట్లాడడం అక్కడి మూలసూత్రాలు. అప్పటికీ తేలకపోతే సంబంధం లేని మూడవ వ్యక్తి అభిప్రాయం కోరవచ్చు, లేదా సభ్యులందరినీ చర్చకు ఆహ్వానించవచ్చు. ప్రవర్తన విషయమైతే నిర్వాహకుల దృష్టికి తీసుకువెళ్ళవచ్చు.

ఫలానావారు దురుసుగా ఉన్నారని చెప్పినంత మాత్రాన ఫిర్యాదు నిలబడదు. ఏ తేదీన, ఏ పేజీలో, ఏ వాక్యం వ్రాశారో చూపవలెను. ప్రతి మార్పూ పేజీ చరిత్రలో నమోదై ఉంటుంది గనుక ఇది సాధ్యమే. వ్రాసినవారు తరువాత తమ మాటను తీసివేసినా పాత కూర్పు సాధారణంగా అలాగే ఉంటుంది. అదే చరిత్ర ఫిర్యాదు చేసినవారి ప్రవర్తనను కూడా బయటపెడుతుంది.

మధ్యవర్తిత్వ సంఘం

ఆంగ్ల వికీపీడియాలో చివరి మెట్టు మధ్యవర్తిత్వ సంఘం. దీని ఏర్పాటును వికీపీడియా వ్యవస్థాపకులలో ఒకరైన జిమ్మీ వేల్స్ 2003 డిసెంబరులో ప్రకటించాడు. 2004 ఆరంభం నుండి ఇది పనిచేస్తున్నది. దీని సభ్యులు ఏటా జరిగే ఎన్నికల ద్వారా వస్తారు. ఈ సంఘం విషయ వివాదాలపై తీర్పు చెప్పదు. ప్రవర్తనను మాత్రమే విచారిస్తుంది. మందలింపు, కొన్ని అంశాలపై వ్రాయకుండా నిషేధం, నిర్వాహక హోదా తొలగింపు, పూర్తి బహిష్కరణ దీని అధికారాలలో ఉన్నాయి.

2019 నాటి సంక్షోభం

2019 జూన్ 10న వికీమీడియా ఫౌండేషన్ ఆంగ్ల వికీపీడియా నిర్వాహకులలో ఒకరిని ఏడాది పాటు నిషేధించింది. సభ్యులు ఎన్నుకున్న సంఘం ఉండగా ఫౌండేషన్ నేరుగా నిర్ణయం తీసుకోవడం, ఫిర్యాదుల వివరాలను వెల్లడించకపోవడం తీవ్ర నిరసనకు దారితీశాయి. పలువురు నిర్వాహకులు తమ హోదాను వదులుకున్నారు. ఆరోపణ ఏమిటో తెలియనివారు సమాధానం చెప్పుకోలేరని నిరసించినవారు వాదించారు. వివరాలు బయటపెడితే వేధింపులకు గురైనవారు మళ్ళీ నోరు విప్పరన్నది రెండవ పక్షం వాదన. చివరకు మధ్యవర్తిత్వ సంఘం కేసును పరిశీలించి, అదే సంవత్సరం సెప్టెంబరులో నిషేధాన్ని ఎత్తివేసింది. నిర్వాహక హోదాను మాత్రం తిరిగి ఇవ్వలేదు.

2021లో ఫౌండేషన్ అన్ని వికీ ప్రాజెక్టులకు వర్తించే సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని ప్రకటించింది. దాని అమలును పర్యవేక్షించే సమన్వయ సంఘం 2024లో ఎన్నికల ద్వారా ఏర్పడింది.

తెలుగు వికీపీడియాలో

2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాకు ప్రత్యేక మధ్యవర్తిత్వ సంఘం లేదు. వివాదాలు చర్చా పేజీలలో, రచ్చబండలో, నిర్వాహకుల నోటీసు బోర్డులో చర్చకు వస్తాయి. చురుకైన సభ్యులు తక్కువగా ఉండే చిన్న వికీలలో దాదాపు అందరూ ఒకరికొకరు పరిచితులే. పరిచయం వలన కొన్ని తగవులు త్వరగా సమసిపోతాయి. అయితే తీర్పు చెప్పవలసినవారే ఇరుపక్షాలలో ఎవరికో మిత్రులైనప్పుడు నిష్పాక్షికత కష్టమవుతుంది. పాత సభ్యుని తప్పును ఎత్తిచూపడానికి కొత్త సభ్యుడు జంకవచ్చు. జీతం లేని పనిలో మనసు నొచ్చుకున్నవారు ఫిర్యాదు చేయకుండానే వ్రాయడం మానివేయవచ్చు. పేజీ చరిత్రలో వారి చివరి మార్పు కనిపిస్తుంది గానీ, వారు వెళ్ళిపోయిన కారణం కనిపించదు.