అద్భుత, వైజ్ఞానిక కల్పనల్లో మంచిచెడుల చిత్రణ: విశ్వసనీయతకు మూలాలు

వ్యాససంగ్రహం

అద్భుత కాల్పనిక రచనలోనూ, వైజ్ఞానిక కల్పనలోనూ రచయిత ప్రకృతి నియమాలను మార్చవచ్చు. మనసు నడిచే తీరును మాత్రం ఇష్టానుసారం మార్చలేడు. మంచిచెడులు పాత్రల పుట్టుకలో కాక, అవి చేసే ఎంపికలోనూ ఆ ఎంపికకు చెల్లించే మూల్యంలోనూ వ్యక్తమైనప్పుడే పాఠకుడు నమ్ముతాడని మేరీ షెల్లీ, టోల్కీన్, లె గ్విన్ రచనల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు సంప్రదాయంలోని సన్నిహిత ఉదాహరణలను కూడా ఇది పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అద్భుత కల్పన, వైజ్ఞానిక కల్పన, విశ్వసనీయత, ఔచిత్యం, ప్రతినాయకుడు.

1. ఉపోద్ఘాతం

ఎగిరే గుర్రాన్ని సులభంగా నమ్మే పాఠకుడు, ఏ కోరికా లేకుండా క్రూరత్వం కోసమే క్రూరుడైన మాంత్రికుణ్ణి నమ్మడానికి వెనుకాడతాడు. పాఠకుడు తన అవిశ్వాసాన్ని ఇష్టపూర్వకంగా కాసేపు పక్కన పెడతాడని కోల్‌రిడ్జ్ 1817లో వెలువడిన ‘బయోగ్రాఫియా లిటరేరియా’లో ప్రతిపాదించాడు. టోల్కీన్ 1939 నాటి తన ఉపన్యాసాన్ని విస్తరించి 1947లో ప్రచురించిన వ్యాసంలో ఈ వివరణ చాలదన్నాడు. కల్పిత లోకం తన నియమాలకు తాను కట్టుబడి ఉంటే, అందులో ఉన్నంతసేపూ పాఠకుడు దాన్ని నిజంగానే నమ్ముతాడని ఆయన అభిప్రాయం.

రసభంగానికి అనౌచిత్యమే కారణమన్న ఆనందవర్ధనుడి ఆలోచన, దాన్ని విస్తరించిన క్షేమేంద్రుడి ఔచిత్య విచారం ఈ చర్చకు దగ్గరివే. మంత్రశక్తికి నియమం ఉండాలని కోరే పాఠకుడు నైతిక జీవితానికీ నియమాన్ని కోరుతాడు. కారణం, ఎంపిక, ఫలితం అనే మూడింటి మధ్య సంబంధమే ఆ నియమం.

2. చెడు: కారణం వేరు, సమర్థన వేరు

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818)లో శాస్త్రవేత్త తాను ప్రాణం పోసిన జీవిని చూసి భయపడి వదిలి పారిపోతాడు. ఆ జీవి ఒక పేద కుటుంబాన్ని చాటుగా గమనిస్తూ భాష నేర్చుకుంటుంది, రహస్యంగా వారికి కట్టెలు సమకూరుస్తుంది. చూపులేని వృద్ధుడు దాన్ని ఆదరంగా పలకరిస్తాడు. చూపున్న కొడుకు కొట్టి తరుముతాడు. తరువాత అది ఒక పసివాణ్ణి చంపుతుంది.

రచయిత్రి ఇక్కడ రెండు పనులు చేసింది. ఆ జీవి క్రూరత్వానికి కారణాన్ని పూర్తిగా చూపింది. అయితే ఆ కారణాన్ని హత్యకు సమర్థనగా మార్చలేదు. ప్రతినాయకుడికి బాధాకరమైన గతాన్ని అతికిస్తే పాత్రకు లోతు వస్తుందనుకునే రచనలు ఈ తేడాను గుర్తించవు. గతం ఎంత బాధాకరమైనా, మరో దారి ఉందని తెలిసి ఈ దారినే పట్టిన క్షణం కనిపించాలి.

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ (1954–55)లో బోరోమిర్ పాత్ర ఇందుకు మరో ఉదాహరణ. అతను ఉంగరాన్ని కోరింది శత్రువు నుంచి తన నగరాన్ని కాపాడుకోవడానికి. సదుద్దేశమే అతణ్ణి సహచరుడిపై దౌర్జన్యానికి నడిపించింది. చెడు తనను తాను చెడుగా పిలుచుకోదు. కర్తవ్యమనో, అవసరమనో పేరు పెట్టుకుంటుంది.

3. మంచి: శోధన, మూల్యం

మంచిని నమ్మించడం మరింత కష్టం. ఎన్నడూ తడబడని నాయకుడు ఆదర్శమూర్తిగా మిగులుతాడే తప్ప మనిషిగా నిలవడు. టోల్కీన్ నాయకుడు ఫ్రోడో అంతిమ క్షణంలో ఓడిపోతాడు. ఉంగరాన్ని నాశనం చేయవలసిన చోటే అది తనదని ప్రకటిస్తాడు. ఉంగరాన్ని అతని నుంచి లాక్కున్న గొల్లమ్ దానితో సహా అగ్నిలో పడిపోతాడు. గొల్లమ్‌ను చంపే అవకాశం బిల్బోకూ ఫ్రోడోకూ ముందే వచ్చింది. దయతో ఇద్దరూ వదిలేశారు. నాయకుడి బలం విఫలమైన చోట అతను ఎప్పుడో చూపిన దయ ఫలించింది. ఫ్రోడో గాయాలు మానవు. స్వస్థలానికి తిరిగి వచ్చినా అక్కడ ఉండలేకపోతాడు. మంచికి చెల్లించిన మూల్యాన్ని ముగింపు దాచిపెట్టదు.

అర్సులా లె గ్విన్ ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968)లో యువ మాంత్రికుడు గెడ్ గర్వంతో ఒక నీడను లోకంలోకి వదులుతాడు. దాన్ని జయించడం యుద్ధంతో సాధ్యం కాదు. చివరకు దాన్ని తన పేరుతోనే పిలిచి తనలో భాగంగా అంగీకరిస్తాడు.

4. పుట్టుకతో దుష్టత్వం

టోల్కీన్ లోకంలో ఓర్క్‌లు జాతిగానే దుష్టులు. ఒక జాతి మొత్తానికి ఎంపిక లేకపోతే దాని చర్యలను చెడు అనడం ఎలా? ఈ చిక్కు టోల్కీన్‌ను కూడా కలవరపెట్టింది. ఓర్క్‌ల పుట్టుకపై ఆయన తన వివరణను పలుమార్లు మార్చుకున్నాడు. ఇది కేవలం శిల్పదోషం కాదు. పుట్టుకను బట్టి మనుషులను తూచే సమాజంలో, దుష్టజాతి కల్పన పాఠకుడి పక్షపాతానికి మౌనంగా బలం చేకూరుస్తుంది.

మన పురాణ సంప్రదాయంలో దేవాసుర విభజన ఉన్నా, అది గీసిన గీతను తానే చెరిపిన సందర్భాలున్నాయి. పోతన భాగవతంలో ప్రహ్లాదుడు అసుర కుమారుడు. శుక్రాచార్యుడు హెచ్చరించినా బలి ఇచ్చిన మాట తప్పడు. సర్వస్వం పోతుందని తెలిసి చేసిన ఎంపిక కాబట్టే ఆ దానం నమ్మదగినదైంది.

జానపద కల్పనలో శిష్టదుష్ట విభజన సూటిగా ఉన్నా విశ్వసనీయత సాధ్యమే. ‘పాతాళభైరవి’ (1951) చిత్రంలో నేపాళ మాంత్రికుడికి లోతైన గతమేమీ లేదు. అతని కోరిక మాత్రం స్పష్టం. సాహసవంతుణ్ణి బలి ఇస్తే దేవి అనుగ్రహిస్తుందన్న నియమమే అతనిపైకి తిరుగుతుంది. కథాలోకం తన నియమాన్ని తప్పదు.

5. వ్యవస్థలోని చెడు

వైజ్ఞానిక కల్పనకున్న ప్రత్యేక సౌలభ్యం సమాజాన్నే కొత్తగా నిర్మించి పరీక్షించడం. లె గ్విన్ ‘ది డిస్పొసెస్డ్’ (1974)లో అనారెస్ సమాజానికి పాలకులు లేరు, సొంత ఆస్తి లేదు. అయినా పదుగురి అభిప్రాయం కట్టడిగా మారి, శాస్త్రవేత్త షెవెక్ ఆలోచనలకు అడ్డుపడుతుంది. ఇక్కడ ప్రతినాయకుడు లేడు. మంచి ఉద్దేశంతో కట్టిన వ్యవస్థ గడ్డకట్టుకుపోవడమే చెడు.

6. ముగింపు

ఈ పరిశీలన నుంచి విమర్శకు మూడు ప్రశ్నలు లభిస్తాయి. పాత్రకు మరో దారి ఉందా? పట్టిన దారికి మూల్యం చెల్లించిందా? ఆ లోకపు నియమం ఇరుపక్షాలకూ సమానంగా వర్తించిందా? తెలుగులోని జానపద నవలలను, వైజ్ఞానిక కథలను ఈ ప్రశ్నలతో చదివితే, ప్రతినాయకుడి వర్ణన దగ్గర ఆగిపోయే పాత్రచిత్రణ పరిశోధన మరింత ముందుకు సాగగలదు. కల్పిత లోకంలో చెడును ఎలా గుర్తిస్తామన్నది, మన లోకంలో దాన్ని ఎవరి ముఖాన చూస్తామన్న ప్రశ్నతో ముడిపడి ఉంది.