కుక్కకు కూడా కిరాయా? కాజీపల్లి పొలంలో మేం నేర్చుకున్న లెక్క

గొర్ల మంద ఒక రాత్రి మా చేన్ల పడుకుంటే మేమే పైసలిస్తాం. సిటీ నుంచి ఒక కుక్క వచ్చి మా గదిలో పడుకుంటే దాని యజమాని దగ్గర పైసలు తీసుకుంటాం. ఈ సంగతి చెప్తే మా ఊరి కురుమ కాకా ఒకాయన పడీపడీ నవ్విండు. "గదేం లెక్కరా! పెంట పెట్టినందుకు గొర్లకిస్తరు, పెంట పెట్టిందని కుక్క దగ్గర గుంజుతరు" అన్నడు.

ఆయన నవ్వినా లెక్క తప్పు కాదు. గొర్రె పెంట నేలకు బలం. కుక్క పెంట నేలకు బరువు. ప్రకృతి వ్యవసాయం చేస్తూ పొలంలో ఒకటి రెండు గదులు కట్టి అతిథులను ఉంచుకుంటున్న రైతులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ పెంపుడు కుక్కల సమస్య ఎదురవుతోంది కాబట్టి మా అనుభవం ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా. గదులు, కొట్టం, కుక్కల ఆవరణ పైన ఉన్న వీడియోలో చూడొచ్చు. లెక్కలు మాత్రం రాసి పెడితేనే బాగుంటుందని ఇక్కడ రాస్తున్నా.

మాది కాజీపల్లి, అడవి వైపు నాలుగెకరాలు. కాజీపల్లి అంటే చాలామందికి ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. 2020లో నటుడు ప్రభాస్ ఇక్కడి 1,650 ఎకరాల రిజర్వు అడవిని దత్తత తీసుకున్నాక సిటీవాళ్లకు అడవి కూడా గుర్తుకు రావడం మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరే కాబట్టి శనివారం పొద్దున బయలుదేరి ఆదివారం సాయంత్రం వెళ్లిపోతారు. మాకు రెండు గదులున్నాయి, ఒక్కోటి రాత్రికి 2,500. పిల్లలతో వచ్చేవాళ్లు ఎంతమందో, కుక్కతో వచ్చేవాళ్లూ దాదాపు అంతమంది. కుక్కను ఇంట్లో ఒంటరిగా వదిలి రాలేక "పొలమైతే హాయిగా పరుగెత్తుతుంది" అనుకుని వస్తారు. వాళ్ల తప్పేం లేదు.

మొదట్లో మేం ఏమీ అడగలేదు, ఏమీ తీసుకోలేదు. ఒకసారి సంక్రాంతి సెలవులకు ఒక కుటుంబం పెద్ద కుక్కను తెచ్చింది. బండి దిగగానే గొలుసు విప్పేశారు. అది దూడ వెంట పడింది. దూడ అరుపు విని కొట్టంలో ఏడు నెలల చూలుతో ఉన్న ఆవు తాడు తెంపుకుని కంచె మీద పడింది. ముందు కాలు చీరుకుపోయింది. డాక్టరు, కుట్లు, మందులు, పది రోజులు రాత్రీపగలూ కాపలా. ఈనేదాకా మా ఇంటామె కంటి మీద కునుకు లేదు. అతిథి మంచాయనే, బాధపడ్డాడు కూడా. కానీ ఖర్చు మాట ఎత్తితే "అన్నా, కుక్కను కట్టేయాలని మీరు ముందే చెప్పలేదు కదా" అన్నాడు. నిజమే, చెప్పలేదు.

ఆ కోపంలో నేను రాత్రికి 1,500 అని పెట్టేసిన. నా రెండో తప్పు అది. రుసుము ఎక్కువయ్యేసరికి కుక్కలు రావడం ఆగలేదు, దాచిపెట్టి తేవడం మొదలైంది. ఒకసారి ఏప్రిల్ ఎండలో చెట్టు కింద నిలిపిన కారులోంచి కుక్క మూలుగు వినిపించింది. అద్దాలు వేసి ఉన్నాయి. ఇంకో అరగంట ఆగితే అది చచ్చిపోయేదే. పైసలు తప్పించుకోవాలని ప్రాణం మీదికి తెచ్చారు వాళ్లు. అట్లా దాచే అవసరం కల్పించింది మాత్రం నేను. పైగా 1,500 కట్టినవాళ్లు కుక్కను ఆకుకూర మడిలో వదిలి, అడిగితే "కట్టాం కదా అంకుల్" అనేవాళ్లు.

ఈ "కట్టాం కదా" అనేది ఒక్క మన దగ్గరే కాదు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. గ్నీజీ, రుస్టిచినీ అనే ఆర్థికవేత్తలు దాన్ని 2000లో ప్రచురించారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచరమ్మను ఇబ్బంది పెడుతున్నామే అన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక ఆలస్యం కూడా కొనుక్కునే సరుకైపోయింది. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆ మొహమాటం తిరిగి రాలేదు. నా 1,500 కూడా అదే పని చేసింది.

మన ఊళ్లలో పాత బందెల దొడ్డి గుర్తుందా? చేన్ల పడ్డ పశువును తోలుకెళ్లి దొడ్డిలో పెడితే యజమాని జరిమానా కట్టి విడిపించుకునేవాడు. బ్రిటిష్‌వాళ్లు 1871లో చేసిన పశువుల చట్టంలో కూడా జరిమానా వేరు, దొడ్డిలో పెట్టిన మేత నీళ్ల ఖర్చు వేరు. రెండింటినీ కలిపి ఒకే ముద్ద చేయలేదు. మేం కూడా చివరికి అట్లనే విడదీసినం.

ఇప్పుడు రుసుము 500, రాత్రికి కాదు, మొత్తం బసకు. ఒక కుక్క రెండు రాత్రులు ఉన్నా ఒక రాత్రి ఉన్నా మాకు పడే పని ఒకటే: గది వెంట్రుకలు ఊడ్చడం, దుప్పట్లు విడిగా ఉతకడం, నేల రెండుసార్లు తుడవడం. పనికొచ్చే అక్కకు అదనంగా 300 ఇస్తాం, మిగతాది సబ్బు, నీళ్లు, పాతబడే దుప్పట్లకు. ఇందులో లాభం లేదు, ఉండకూడదనే పెట్టినం. ఇది కాక 2,000 డిపాజిట్ తీసుకుని, ఏ నష్టమూ లేకపోతే వెళ్లేటప్పుడు ఫోన్‌లోనే వెనక్కి వేస్తాం. రుసుము కట్టినా కట్టకపోయినా కొట్టం దగ్గరికి, కోళ్ల దగ్గరికి, మడుల్లోకి కుక్క రాకూడదు. దానికి ధర లేదు. బుకింగ్ ఫోన్‌లో మొదటి ప్రశ్నే "కుక్క ఉందా మేడమ్? పేరేంటి?" అని అడుగుతాం. పేరు అడిగితే ఎవరూ దాచరు. 500 వల్ల మాకొచ్చిన అసలు ఉపయోగం, ముందే చెప్పడం.

చూపులేని వాళ్లకు దారి చూపే కుక్కలాంటి సహాయక జంతువు వస్తే మాత్రం ఒక్క రూపాయి తీసుకోవద్దు. ఎయిర్‌బిఎన్‌బి కూడా మామూలు పెంపుడు జంతువుకు రుసుము పెట్టుకోనిస్తుంది కానీ సహాయక జంతువుకు పెట్టనివ్వదు. ఇంకొకటి, గది అద్దె, ఈ రుసుము వ్యవసాయ ఆదాయం కిందికి రావు. పన్ను లెక్కలో వేరుగా రాసుకోండి.

ఇక అసలు విషయం రోగాలు. కుక్క పెంటలో నియోస్పోరా అనే పరాన్నజీవి ఉండొచ్చు. అది మేతలో కలిసి ఆవు కడుపులోకి పోతే చూలు జారిపోతుంది. కుక్కల ఏలిక పాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, పచ్చిగా తినే కొత్తిమీర మడిలో అవి పడితే పిల్లలకు ప్రమాదం. అందుకే కుక్క పెంటను ఘనజీవామృతంలోనో కంపోస్టు కుప్పలోనో వేయొద్దు. బావికీ బోరుకూ దూరంగా గుంత తీసి పూడ్చడమే. పార్వో వైరస్ అయితే మట్టిలో నెలల తరబడి ఉంటుంది. మన పొలం కుక్క పిల్లలకు టీకా వేయించకపోతే ఒక్క అతిథి చాలు, రక్త విరేచనాలతో పోతాయి. నేల మీద దీన్ని చంపడానికి వేప కషాయం పనికిరాదు. బ్లీచింగ్ ద్రావణమే కావాలి. మన మనసు ఒప్పుకోదు, నాకూ ఒప్పుకోలేదు. గది గచ్చు వరకే వాడుతున్నం, పొలంలోకి ఆ నీళ్లు రాకుండా వేరే కాలువ పెట్టినం.

కాబట్టి టీకా కార్డు ఫొటో రానిదే బుకింగ్ ఖాయం చేయం. రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ టీకాలు చూస్తాం. మెడ కింద, చెవుల్లో గోమార్లు కూడా చూస్తాం. ఎవరినైనా కరిస్తే ముందు సబ్బుతో ధార నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, ఆ తర్వాత నేరుగా ఆసుపత్రికి. పసుపు, సున్నం, ఆకు పసర్లు ఏవీ గాయం మీద పెట్టొద్దు.

మన వల్ల వాళ్ల కుక్కకు జరిగే ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు. ఆముదం పిండి వాసనకు కుక్క పిచ్చిగా తింటుంది, అందులోని విషానికి మందు లేదు. అగ్నిఅస్త్రంలో పొగాకు, వెల్లుల్లి ఉంటాయి. బెల్లం వాసనకు జీవామృతం డ్రమ్ములో మూతి పెడుతుంది. గట్ల మీద మనం పెంచే గ్లిరిసిడియా పేరుకు అర్థమే ఎలుకలను చంపేది అని, దాని గింజలూ బెరడూ విషం. మా డ్రమ్ములకు ఇప్పుడు మూతలున్నాయి, పిండి బస్తాలు తాళం గదిలో ఉన్నాయి. కుక్కల ఆవరణకు వెదురు, జాలీ వాడినం, గ్లిరిసిడియా గుంజలు వాడలేదు.

కాజీపల్లి కాబట్టి చెరువు మాట కూడా చెప్పాలి. మా చెరువు నీళ్లలో యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులు పెద్ద సంఖ్యలో ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించారు. ఫ్యాక్టరీల పుణ్యం అది. అతిథుల కుక్కలకు నీళ్లు కనిపిస్తే దూకాలనే ఉంటుంది. దూకి వచ్చి అదే ఒంటితో పరుపు మీద పడుకుంటే పిల్లల పక్కనే. చెరువు వైపు వద్దు అని గేటు దగ్గరే చెప్తాం. తాగడానికి గిన్నెలో క్యాను నీళ్లే పోస్తాం, మనుషులకూ అవే.

పోయిన వారం ఒక పెద్దమ్మ ముసలి కుక్కను తెచ్చింది. దానికి కళ్లు సరిగ్గా కనిపించవు, రెండు రోజులూ వరండాలోనే పడుకుంది. గది తుడిచిన అక్క "దీనికి 500 ఎందుకన్నా, మా పిల్లలే ఎక్కువ గలీజు చేస్తరు" అంది. డిపాజిట్‌తో పాటు అందులో 200 వెనక్కి వేసిన. అక్క 300 అక్కకు ఇచ్చిన.