తగ్గించుకున్నది ఎవరికి చేరింది?

ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌కు దక్షిణాన, రెండు గంటల ప్రయాణంలో చేరుకోగల దూరంలో ధమ్‌తరి ఉంది. 1899 చివర్లో, ఆ ప్రాంతమంతా కరువుతో అల్లాడుతున్న రోజుల్లో, అమెరికా నుంచి వచ్చిన మెనోనైట్ మిషనరీలు అక్కడ మకాం పెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే, 1897లో, వారి సంఘాలు మన దేశంలోని కరువు బాధితులకు సాయం పంపాయి. పదహారో శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన ఈ క్రైస్తవ శాఖ యుద్ధాలకు దూరంగా ఉండటానికి, ఆర్భాటం లేని బట్టకు, ఆర్భాటం లేని ఆరాధనకు పేరుపడింది. ధమ్‌తరిలో వాళ్ళ మొదటి పని కరువు సాయం. తర్వాత అనాథ పిల్లల ఆశ్రయం, కుష్ఠు రోగుల సేవ, 1910లో ఆసుపత్రి వచ్చాయి. ఆ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. తెలుగువారికీ ఈ మెనోనైట్లు పరాయివాళ్ళు కారు. మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకొండ వైపున్న మెనోనైట్ బ్రెదరెన్ సంఘాలు అదే కుదుటి నుంచి వచ్చినవే. ఇల్లు ఖాళీ చేసుకోండి, వస్తువులు తగ్గించుకోండి అని ఈ రోజుల్లో అన్ని వైపుల నుంచీ వినిపిస్తున్న సలహాను ధమ్‌తరి దగ్గర నిలబడి చూస్తే అందులోని లోటు ఏమిటో తెలుస్తుంది. అక్కడ నిరాడంబరత ఆకలిగొన్నవాడికి పెట్టే గింజలతో కలిసి వచ్చింది. ఇప్పటి సలహాలో ఆ ఆకలిగొన్నవాడు లేడు.

ఆ సలహా పూర్తిగా తప్పని కాదు. ఇల్లు సామానుతో కిక్కిరిసిపోతే మనసుకు భారమేనని పరిశోధనలూ చెబుతున్నాయి. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్ళను దగ్గరుండి పరిశీలించారు. నాలుగింట మూడు వంతుల ఇళ్ళలో కారు పెట్టవలసిన షెడ్డు సామానుతో నిండిపోయి కారుకు చోటే లేదు. మా ఇల్లంతా చిందరవందర అని చెప్పుకున్న మహిళల్లో, ఒత్తిడికి గుర్తుగా భావించే కార్టిసాల్ అనే హార్మోను రోజు గడిచేకొద్దీ తగ్గవలసినంతగా తగ్గడం లేదని 2010లో వెలువడిన ఫలితాలు చూపించాయి. మన ఇళ్ళకు అలాంటి షెడ్లు లేవు కానీ అటకలున్నాయి, మంచం కింద చోటుంది, బీరువా పైకప్పు ఉంది. ఎప్పటికైనా పనికొస్తుందన్న మాట మీద అక్కడికి చేరిన డబ్బాలు, విరిగిన మిక్సీలు, పెళ్ళిళ్ళలో చదివించిన స్టీలు సామాను, చిన్నబడిపోయిన పిల్లల బట్టలు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. వాటిని తీసేస్తే ఇల్లూ తేలికపడుతుంది, ఊడ్చే చేతులూ తేలికపడతాయి. కానీ అంతటితో ఆగితే జరిగేదేమిటి? ఖాళీ అయిన చోటు చూసి ఆరు నెలల్లో మరో ఆఫర్, మరో పార్సిల్. తీసేసినవి చెత్త బండిలోకి వెళ్ళి ఊరి బయట ఎవరో పేదవాడి ఇంటి పక్కన గుట్టగా పడతాయి.

క్రైస్తవ బోధ ఇక్కడ వేరే ప్రశ్న అడుగుతుంది. లూకా సువార్తలో యేసు చెప్పిన ధనవంతుడి ఉపమానం చర్చికి వెళ్ళే ప్రతి ఇంటికీ తెలిసిందే. పంట విరగకాసింది, కొట్లు చాలలేదు, వాటిని విప్పి పెద్దవి కట్టాలనుకున్నాడు, ఆ రాత్రే ప్రాణం పోయింది. అతని పంటలో తప్పేమీ లేదు, కష్టంలోనూ లేదు. ఆ కథ మొత్తంలో అతను తనతో తాను తప్ప ఇంకెవరితోనూ మాట్లాడడు. కొట్లు చాలనప్పుడు పొరుగింట్లో ఖాళీ కుండ ఉందన్న ఆలోచనే అతనికి రాలేదు. అపొస్తలుల కార్యాల్లోని తొలి యెరూషలేము సంఘం దీనికి సరిగ్గా ఎదురు. పొలాలు అమ్మినవాళ్ళు ఆ సొమ్ము తెచ్చి అక్కరలో ఉన్నవాళ్ళకు పంచారు. 1974లో ప్రపంచమంతటా ఆహార కొరత వచ్చినప్పుడు అమెరికా, కెనడాల మెనోనైట్ సెంట్రల్ కమిటీ ఇదే బాట పట్టింది. తిండి ఖర్చును, వాడకాన్ని పది శాతం తగ్గించుకోమని తమ కుటుంబాలను కోరింది. ఎలా తగ్గించుకోవాలో చెప్పడానికి డోరిస్ జాన్‌జెన్ లాంగేకర్ తయారుచేసిన వంటల పుస్తకం 1976లో వచ్చింది. మాంసం తగ్గించి పప్పులు, ధాన్యాలు ఎక్కువగా వండుకునే పద్ధతులు అందులో ఉన్నాయి. ఒక సంఘం తన సాదాతనాన్ని వంటింట్లోకి, లెక్కలోకి, ఆకలిగొన్న దేశాల దాకా తీసుకెళ్ళిన ఉదాహరణ ఇది.

తగ్గించుకోమనే ఈ మాటకు అందరికంటే గట్టిగా అభ్యంతరం చెప్పగలిగేది పేదవాడే. చెప్పే హక్కూ అతనికే ఉంది. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఒక మనిషి సగటు నెల ఖర్చు పల్లెల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. ఛత్తీస్‌గఢ్‌లో అది వరుసగా 2,739, 4,927. రాష్ట్రాలన్నిటిలోకీ అట్టడుగు. ఇంకేం తగ్గించుకోవాలి ఈ మనిషి? పైగా ఈ నేల మీద వస్తువుకు కులం కూడా ఉంది. రాయ్‌పూర్ ప్రాంతానికి 1868లో వచ్చిన ఆస్కర్ లోర్ బిశ్రాంపూర్‌లో మిషన్ పెట్టినప్పుడు, ఆయన మాట విన్నవారిలో ఎక్కువమంది గురు ఘాసీదాస్ బాటలో నడిచిన సత్‌నామీలు. అగ్రకులాలవాళ్ళు అంటరానివారుగా చూసినవాళ్ళు. తెలుగు నేల మీదా దళితుడు చెప్పులు తొడుక్కుని ఊళ్ళో నడవడం నేరంగా చూసిన కాలం ఎంతో దూరంలో లేదు. అలాంటి ఇంట్లోకి వచ్చిన కుర్చీ, బీరువా, పండగ పూట ఇస్త్రీ బట్టలు ఆడంబరం కిందకు రావు. అవి గెలుచుకున్న గౌరవం. విశాలమైన బంగళాల్లో నౌకర్లతో బతికిన మిషనరీలు కొందరు అదే పేదలకు అణకువ బోధించారన్నదీ నిజమే. అందుకే సాదాతనం బోధించవలసినది కింద ఉన్నవాడికి కాదు. ఉన్నవాడు దాన్ని ముందు తన మీద అమలు చేసుకోవాలి. అప్పుడే అది విశ్వాసం. లేనివాడికి నీతి చెప్పడానికి వాడుకుంటే అది దోపిడీకి వత్తాసు.

కానీ ఈ అభ్యంతరాన్ని అడ్డం పెట్టుకుని మనలో చాలామంది తప్పించుకుంటున్నారు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయ్యాక రైల్వే కొలువుల కోసం, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం కోసం తెలుగు కుటుంబాలు ఇటు తరలివచ్చాయి. ఈ కుటుంబాల్లో నేడు చాలా మటుకు పేదరికం దాటేశాయి. అయినా పెళ్ళి వచ్చిందంటే గౌరవం లెక్క మళ్ళీ మొదలవుతుంది. కన్వెన్షన్ హాలు, తులాల లెక్కన బంగారం, కానుక అనే పేరు తగిలించిన కట్నం, వందల మందికి రకరకాల వంటకాలు. తర్వాత ఏళ్ళ తరబడి అప్పు. ఎదురింటివాళ్ళు ఏమంటారో అన్న భయంతో పెట్టే ఈ ఖర్చులో గౌరవం లేదు, ఉన్నది పోటీయే. నా దృష్టిలో ఇంట్లో పేరుకునే సామానుకంటే మధ్యతరగతి క్రైస్తవ కుటుంబాన్ని ఎక్కువగా నలిపేస్తున్నది ఇదే. అటక ఖాళీ చేసి పెళ్ళికి పది లక్షలు అప్పు తెచ్చినవాళ్ళు ఏం తగ్గించుకున్నట్టు?

దేవుడిచ్చిన ఆశీర్వాదాన్ని అనుభవిస్తే తప్పేమిటని అడిగేవారున్నారు. తప్పు లేదు. అన్నమూ బట్టా ఉంటే వాటితో తృప్తి పడమని తిమోతికి రాసిన పౌలు, ఆ ఉత్తరంలోనే దేవుడు అన్నీ మనం అనుభవించడానికే ఇచ్చాడనీ చెప్పాడు. అయితే ఆ వెంటనే ధనవంతులు ఔదార్యంతో పంచిపెట్టాలని కలిపాడు. కారు, ఇల్లు, విదేశీ వీసా మాత్రమే దీవెనకు సాక్ష్యాలుగా చెప్పే ప్రసంగాలు ఆ సగం వదిలేస్తున్నాయి. అందరూ కొనడం మానేస్తే రాయ్‌పూర్‌లోని పండ్రీ బట్టల బజారులో దుకాణదారు ఎలా బతుకుతాడన్నది మరో ప్రశ్న. అక్కర మీద కొనడం ఎవరూ మానరు. పెళ్ళి మండపం పూలకు పోయే సొమ్ము ఒక పిల్ల నర్సింగ్ చదువుకు వెళితే అదీ ఖర్చే, అదీ ఎవరో ఒకరి జీతమే.

పంచుకునే అలవాటును మనం బయటి నుంచి అరువు తెచ్చుకోనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పుష్య పూర్ణిమ నాడు ఛేర్‌ఛేరా పండగ జరుగుతుంది. కోతలయ్యాక పిల్లలూ పెద్దలూ ఇంటింటికీ వెళ్ళి వడ్లు అడుగుతారు. ఆ రోజు లేదనడం మర్యాద కాదు. తెలుగునాట పల్లె సంఘాల స్త్రీలు వంటకు ముందు గుప్పెడు బియ్యం తీసి కానుక కోసం పక్కన పెట్టేవారు. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఇవ్వడం గురించి ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. బీదలూ ఇవ్వగలరని, ఇవ్వడం వాళ్ళ గౌరవాన్ని పెంచుతుందని ఆయన నమ్మారు. రాయ్‌పూర్, భిలాయిల తెలుగు సంఘాలు ఈ క్రిస్మస్‌కు ముందే ఒక పని చేయవచ్చు. సభ్యుల పెళ్ళి ఖర్చుకు పరిమితి పెట్టుకుని, సంఘంలో ఎక్కువ సంపాదించే కుటుంబాల పెళ్ళితోనే దాన్ని మొదలుపెట్టాలి. మిగిలిన సొమ్ము ఏ పిల్ల ఫీజుకు, ఏ రోగి మందులకు వెళ్ళిందో సంఘం లెక్కల పుస్తకంలో అందరికీ కనిపించేలా రాయాలి. సంఘ పెద్దలారా, ఆ తీర్మానం ముందు మీ ఇంటి పెళ్ళికే వర్తించేలా చేయండి.