కార్బన్ ఆఫ్‌సెట్

విమానం టికెట్‌తో పాటు ఇంకొంచెం చెల్లిస్తే ప్రయాణ కాలుష్యాన్ని సరిచేస్తామంటాయి కొన్ని ఎయిర్‌లైన్స్. ఆ డబ్బుతో కొనేది కార్బన్ క్రెడిట్. ఒక్కోటి వేరేచోట తగ్గించిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు లెక్క. క్రెడిట్ల లెక్క రాసే రిజిస్ట్రీలో దాన్ని వాడేసినట్టు రద్దు చేయకపోతే మరొకరికీ అమ్మొచ్చు. కంపెనీలైతే టోకున కొంటాయి: అరకు లోయలో గిరిజన రైతుల చెట్ల పెంపకానికి డానోన్ వంటి కంపెనీల నిధి డబ్బు పెట్టింది ఈ క్రెడిట్ల కోసమే. అసలు చిక్కల్లా, ఆ డబ్బు రాకపోయినా ఆ చెట్లు ఉండేవా అన్నదే. ఎలాగూ ఎవరూ నరకని అడవిని కాపాడామని చూపితే తగ్గేదేమీ ఉండదు. వెర్రా సంస్థ ధ్రువీకరించిన వర్షారణ్య క్రెడిట్లలో 90 శాతానికి పైగా ఉత్తుత్తివేనని 2023లో గార్డియన్ పత్రిక రాసింది, వెర్రా ఒప్పుకోలేదు. ఏమీ చేయకపోవడం కన్నా నయమే కదా అంటారు. రైతుకు చెట్టు మిగిలే మాట నిజమే. కానీ బొగ్గుపొగలోని కార్బన్ శతాబ్దాలు నిలుస్తుంది, చెట్టు ఒక్క కార్చిచ్చుకు పోతుంది. ముందు సొంత పొగ తగ్గించుకోండి. మిగిలినదానికే కొనండి, రద్దు చేసిన క్రెడిట్ సీరియల్ నంబరు అడిగి తీసుకోండి.