బుల్లి లెన్సు... బోలెడంత లోకం!

చేతిలో పెడితే సుమారు వంద గ్రాములు తూగుతుంది. పొడవు మూడు సెంటీమీటర్లు. కానీ కెమెరాకు బిగించి గది మూలన నిలబడితే ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఒక్క ఫ్రేములో పట్టేస్తుంది. దాని పేరు సూపర్ వైడ్ హీలియార్, 15 మిల్లీమీటర్ల లెన్సు. 1756లో వియన్నాలో మొదలైన వోయిట్‌లాండర్ పేరు మీద జపాన్ కంపెనీ కోసినా 1999లో దీన్ని తెచ్చింది. ఫిల్మ్ కెమెరా ప్రియులు ఇప్పటికీ దీన్ని వెతికి మరీ కొనుక్కుంటారు.

అద్దం లేదు... అదే వరం!

ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఓ అద్దం ఉంటుంది. క్లిక్‌మనిపించినప్పుడల్లా అది పైకి లేవాలి. దానికి చోటు వదలాలి కాబట్టి వైడ్ లెన్సులు లావెక్కుతాయి. రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఆ అద్దమే ఉండదు. లెన్సు ఫిల్ముకు బాగా దగ్గరగా కూర్చుంటుంది. అందుకే అంత చిన్నది!

రేంజ్‌ఫైండర్ కిటికీలో ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది. రింగు తిప్పి రెండింటినీ కలిపితే ఫోకస్ కుదిరినట్టు. తమాషా ఏమిటంటే, 1999 నాటి ఈ లెన్సుకు ఆ ఏర్పాటే లేదు. దూరం కంటితో అంచనా వేసుకోవాల్సిందే. అదేమంత కష్టమూ కాదు. ఎపర్చర్ ఎఫ్-8లో ఉంచి, రింగును ఒక మీటరు దగ్గర పెడితే చాలు... అర మీటరు నుంచి ఆకాశందాకా అంతా స్పష్టమే. వెలుతురు తగ్గినా, సెకనులో 15వ వంతు వేగానికి చెయ్యి నిలకడగా ఉంటే బొమ్మ చెదరదు.

తొలి రోలు పాఠాలు

మామూలు 50 మిల్లీమీటర్ల లెన్సు 47 డిగ్రీల మేర చూస్తే, ఇది 110 డిగ్రీలు చూస్తుంది. అంత వెడల్పు కెమెరా కిటికీలో పట్టదు. పైన విడిగా ఓ వ్యూఫైండర్ తగిలించాలి. అది లెన్సులోంచి చూడదు కదా! వేలు అడ్డొచ్చినా, మూత తీయకపోయినా ఏమీ తెలియదు. ఫిల్ము కడిగాకే బయటపడుతుంది. కెమెరాను కాస్త పైకెత్తితే మేడలు వెనక్కి వాలిపోతాయి.

అసలు పరీక్ష మనుషులతోనే. గ్రూప్ ఫొటోలో అంచున నిలబడినవారి ముఖాలు పక్కకు సాగిపోతాయి. నానమ్మనీ, తాతయ్యనీ మధ్యలో కూర్చోబెట్టాలి. అలాగని దూరం జరిగితే, సగం ఫొటో ఖాళీ నేలే! మనిషి నిండుగా కనిపించాలంటే చెయ్యి చాచినంత దగ్గరికి వెళ్లాలి. చాటుగా తీయడం కుదరదు. పలకరించాలి, సరేననిపించుకోవాలి. ఆ చొరవ లేకపోతే లెన్సు ఎంత వెడల్పు చూసినా లాభం లేదు.

కోసినా తయారుచేసిన బెస్సా ఫిల్మ్ కెమెరాలు 2015లో ఆగిపోయాయి. అదే ఏడాది ఈ లెన్సు మూడో రూపం వచ్చింది. పాత లెన్సును చిన్న అడాప్టర్ రింగుతో లైకా ఎం కెమెరాలకూ బిగించుకోవచ్చు.

రోలుకు 36 ఫ్రేములే. ఏ పెళ్లికో తీసుకెళ్లే ముందు ఓ రోలు ఇంట్లోనే ఖర్చుపెట్టి, కడిగించి చూసుకోవడం మేలు. ఫిల్ము మళ్లీ కొనుక్కోవచ్చు. తాళికట్టే క్షణం మళ్లీ రాదు కదా!