మూసికొనిపోయిన గుండె నాళమును మరల తెరచుట

మన సంఘ సభ్యులలో నొకరు గుండె నాళమును తెరపించుకొనుటకై పట్టణమునకు పోయి, పని నెరవేరక తిరిగివచ్చిరి. మూడు నెలల పిమ్మట మరల ప్రయత్నింతమని వైద్యులు చెప్పిరట. పొలము తాకట్టుపెట్టియైనను పోవలయునా, లేక ఆశ వదలుకొనవలయునా యని ఆ యింటివారు నన్నడిగిరి. నేను వైద్యుడను గాను. అయినను తెలిసినంతవరకు సభ్యులందరి కుపయోగపడునట్లు వ్రాయుచున్నాను.

గుండె కండరమునకు రక్తమును గొనిపోవు నాళములలో కొవ్వు పేరుకొని, దారి ఇరుకై, తుదకు పూర్తిగా మూసికొనవచ్చును. పంటకాలువ పూడిపోయినను ప్రక్క బోదెలగుండ కొంత నీరు చేనికి పారునట్లు, సమీపమందలి సన్నని నాళములు వెడల్పై కొంత రక్తము నందించును. అందుచే కండరము బ్రతికియుండును గాని, నడచినపుడును బరువెత్తినపుడును ఆ రక్తము చాలక రొమ్ములో నొప్పియు ఆయాసమును కలుగును.

1977 సంవత్సరమున జ్యూరిచ్ నగరమందు ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అను వైద్యుడు ఇరుకైన గుండె నాళమును బుడగతో మొదటిసారి వెడల్పు చేసెను. నేడు మణికట్టు నుండిగాని తొడ మొదటినుండిగాని సన్నని తీగెను పంపి, అడ్డును దాటించి, బుడగతో వెడల్పుచేసి, స్టెంటు అను లోహపు వలగొట్టమును నిలుపుదురు. మూడు నెలలకు మించి పూర్తిగా మూసియున్న నాళమున తీగెను దాటించుటయే కష్టము. పాత అడ్డు సున్నపు పదార్థముతో గట్టిపడియుండును. తీగె దారితప్పి నాళపు గోడలో దూరవచ్చును; గోడకు రంధ్రమును పడవచ్చును. ఎక్సురే కిరణములు మితిమీరిన చర్మమునకును, రంగుమందు మితిమీరిన మూత్రపిండములకును హాని. కావున నడుమ ఆపుట చేతగానితనము గాదు, వివేకము.

గోడకు కలిగిన గాయము మానుటకై కొన్ని వారములు ఆగి రెండవసారి ప్రయత్నింతురు. మొదటిసారి అడ్డును కొంత వదులుచేసి యుంచినచో, రెండవసారి దారి సుళువగుటయు కలదు. ముందువైపునుండి సాధ్యము గానిచో, ప్రక్క నాళములగుండ చుట్టివచ్చి వెనుకవైపునుండి తెరతురు. ఇందు చేయి తిరిగినవారు అరుదు. అట్టివారియొద్దకు పోవుటయే మేలు.

అయితే దీనివలన ఫలమేమి? 2018లో ప్రకటితమైన ఐరోపా పరిశోధనయందు నాళము తెరపించుకొన్నవారికి రొమ్మునొప్పి తగ్గినట్లు తేలినది. 2019లో ప్రకటితమైన కొరియా వైద్యుల పరిశోధనయందు మాత్రము, మందులతోనే యున్నవారికంటె వీరిలో మరణములు తగ్గినట్లు కానరాలేదు. అనగా ఇది ముఖ్యముగా బాధానివారణకే.

కావున మందులతో నెమ్మదిగా నున్నవారు భయముచే భూమి తాకట్టుపెట్ట నక్కరలేదు. మందులు వాడినను బాధ తీరనివారు రెండవ ప్రయత్నమునుగూర్చి తప్పక విచారింపవలయును. పోకముందు వైద్యుని ఈ మాటలడుగుడు: ఆ భాగపు కండరము బ్రతికియున్నదా? తాము ఇట్టివి ఎన్ని చేసిరి? శస్త్రచికిత్స మేలా? ప్రభుత్వ ఆరోగ్య పథకము వర్తించునా?

స్టెంటు వేసినపిదప రక్తము గడ్డకట్టకుండుటకిచ్చిన మందులను వైద్యుని అనుమతి లేక మానరాదు. పని నెరవేరనివారును తమ మందులను విడువరాదు. పొగాకును మాత్రము విడువవలయును. అకస్మాత్తుగా రొమ్ము బిగిసి చెమట పట్టినచో అది వేరు సంగతి. తెల్లవారువరకు ఆగక ఆ గడియనే వైద్యశాలకు పోవలయును.

ఆ యింటివారికిని నేనిదియే చెప్పితిని: ముందు మందులు, తరువాత విచారణ, అన్నిటికంటె కడపట తాకట్టు.